డిగ్రీలో ఇంటర్న్‌షిప్ సెమిస్టర్ ఢిల్లీలో చెయ్యాలంటే ఎట్లా? (ఒంగోలు నుంచి)

ఒంగోలు_బీఏ

అన్నలకి, అక్కలకి, పెద్దలకి నమస్తే. ఆంధ్రకేసరి యూనివర్సిటీ కింద ఒక డిగ్రీ కాలేజీలో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎకనామిక్స్, పాలిటిక్స్. మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ గదా. క్లాసులో ఎక్కువమంది ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ పెట్టేద్దామంటున్నారు. నాకు మాత్రం ఢిల్లీ వెళ్లి పార్లమెంటు, మంత్రిత్వ శాఖల పని దగ్గర్నుంచి చూడాలని ఉంది.

ఆరు నెలలూ ఒకేచోట దొరుకుతుందా? ఐదో సెమిస్టర్‌లో వెళ్లడం మంచిదా, ఆరో సెమిస్టర్‌లోనా? కాలేజీ నుంచి ఏయే కాగితాలు రాయించుకోవాలి? అక్కడ నెలకి ఎంత అవుతుంది? ఇంటర్‌లో నాకు 871 మార్కులు. వచ్చే ఏడాదికి 20 ఏళ్లు నిండుతాయి. హిందీ అర్థమవుతుంది, మాట్లాడటం అంతంతమాత్రం. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కాకుటూరు_మాస్టారు

అమ్మాయ్, ఆరు నెలలు కూర్చోబెట్టుకుని కేంద్ర ప్రభుత్వాన్ని నేర్పే ఒకే చోటు కోసం ఢిల్లీలో వెతకొద్దు. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు వాషింగ్టన్‌లో సొంతంగా ఏర్పాటు పెట్టుకుని పిల్లల్ని కొన్ని రోజులు ఆఫీసుకి, కొన్ని రోజులు క్లాసుకి పంపిస్తాయి. మన డిగ్రీ కాలేజీలకి అట్లాంటి ఏర్పాటు లేదు. రెండు మూడు ముక్కలు మనమే కూర్చుకుని, అవన్నీ కలిపి ఒకే సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ కింద లెక్కవేస్తామని కాలేజీ చేత ముందే రాయించుకోవాలి. ఈ రాయించుకోవడం వదిలేసి ఢిల్లీ సీటు వెంట పడేవాళ్లకి సీటు వచ్చినా క్రెడిట్ల దగ్గర పేచీ వస్తుంది. 12 క్రెడిట్లంటే చిన్న విషయం కాదు.

ఏ సెమిస్టర్ అన్నదానికి మీ కాలేజీ టైంటేబుల్ కంటే పార్లమెంటు కేలండర్ ముఖ్యం. బడ్జెట్ సమావేశాలు జనవరి ఆఖర్లో మొదలై, మధ్యలో విరామంతో ఏప్రిల్ దాకా సాగుతాయి. వర్షాకాల సమావేశాలు జులై, ఆగస్టుల్లో. శీతాకాల సమావేశాలు నవంబరు ఆఖరులోనో డిసెంబరులోనో మొదలై క్రిస్మస్ లోపు ముగుస్తాయి. ఆరో సెమిస్టర్ తీసుకుంటే బడ్జెట్ సమావేశాలు మొత్తం చేతికొస్తాయి. ఫిబ్రవరి 1న బడ్జెట్, ఆ తర్వాత విరామంలో స్థాయీ సంఘాలు (ఎంపీల కమిటీలు) శాఖలవారీగా గ్రాంట్ల డిమాండ్లు (ఒక్కో శాఖకి కావాలని అడిగే నిధుల పద్దులు) పరిశీలించడం, తిరిగొచ్చాక చర్చ, ఓటింగ్, ఆర్థిక బిల్లు. ప్రభుత్వం డబ్బు ఎట్లా అడుగుతుందో, సభ ఎట్లా ఇస్తుందో ఒక చుట్టు పూర్తిగా కనపడేది అప్పుడే. వర్షాకాల సమావేశాలు మూడు నాలుగు వారాల్లో అయిపోతాయి. నా ఓటు ఆరుకే. అయితే ఐదో సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ కొన్ని గ్రూపులకి, ఆరులో మిగతా గ్రూపులకి అని కాలేజీలు పంచేస్తుంటాయి. మీ గ్రూపుకి ఏది వేశారో ఇప్పుడే ప్రిన్సిపాల్‌ని కనుక్కో. మార్చాలంటే ఏడాది మొదట్లోనే మారాలి, తర్వాత కుదరదు.

ఇక చోట్లు.

నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్ నీకు సరిగ్గా సరిపోతుంది. డిగ్రీ నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాసి ఉండాలి, ఇంటర్‌లో 85 శాతానికి తగ్గకూడదు. వెయ్యికి 871 కాబట్టి ఆ గడప దాటావు. ఆరు వారాలకి తక్కువ కాకుండా, ఆరు నెలలకి మించకుండా చెయ్యొచ్చు. దరఖాస్తు ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ దాకా మాత్రమే ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. చేరాలనుకునే నెలకి కనీసం రెండు నెలల ముందు పెట్టాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కసారే అవకాశం, అందుకని ఊరికే చూద్దామని సగం సగం నింపి పంపొద్దు. జీతం, భత్యం, వసతి ఏమీ ఉండవు. ల్యాప్‌టాప్ మనదే. హాజరు 75 శాతానికి తగ్గితే సర్టిఫికెట్ రాదు. ఏ విభాగంలో పనిచేస్తావో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. అందరూ ఆర్థికం, విదేశీ వ్యవహారాలు అని రాస్తారు. మీ జిల్లాకి తగ్గట్టు వ్యవసాయం, నీటి వనరులు, గ్రామీణాభివృద్ధి వైపు వెళ్తే పోటీ తక్కువగా ఉంటుందని నా అంచనా. దరఖాస్తులో రాయడానికి సరుకూ ఉంటుంది.

విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్ ఏడాదికి రెండు విడతలు, ఒక్కొక్కరికి మూడు నెలల దాకా. నెలకి 10,000 గౌరవ వేతనం ఇస్తారు, రానుపోను విమాన ఛార్జీ ఎకానమీలో ఇస్తారు. డిగ్రీ అయినవాళ్లకే అని చాలామంది వదిలేస్తారు. ఇంటర్న్‌షిప్ తప్పనిసరిగా ఉన్న కోర్సుల్లో చివరి సంవత్సరం వాళ్లూ పెట్టుకోవచ్చు, మన డిగ్రీలో అది తప్పనిసరే. ఎంపికలో రాష్ట్రానికి ఇంతమందని కోటా ఉంటుంది. ఆకాంక్ష జిల్లాల (వెనకబడినవని కేంద్రం గుర్తించిన జిల్లాల) వాళ్లకి కొంత మొగ్గు ఇస్తారు గానీ ఆ జాబితాలో ప్రకాశం లేదు, నెల్లూరూ లేదు.

మహిళా శిశు అభివృద్ధి శాఖది ఆడపిల్లలకే, రెండు నెలలు, భత్యం బాగుంటుంది, ఢిల్లీలో వసతి కూడా చూస్తారు. పెద్ద నగరాలు కాని చోట్ల నుంచి వచ్చేవాళ్లకే పెట్టారు కాబట్టి ఒంగోలు పనికొస్తుంది. కాకపోతే 21 ఏళ్లు నిండాలి. నీకు ఒక ఏడాది తక్కువ, డిగ్రీ అయ్యాక చూసుకో.

లాంప్ ఫెలోషిప్ గురించి ఎవరో ఒకరు చెప్తారు. చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడుపుతుంది, ఒక ఎంపీ దగ్గర ఒక ఫెలో, వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా. దానికి డిగ్రీ పూర్తయి ఉండాలి, వయసు 25 దాటకూడదు. సెమిస్టర్‌కి పనికిరాదు, తర్వాత మెట్టుగా పెట్టుకో. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అసలు దీనికి సంబంధించింది కాదు. 2024లో పెట్టిన ఆ పథకం పెద్ద కంపెనీల్లో పనికోసం. పేరు చూసి దరఖాస్తు పెట్టి కాలం పోగొట్టుకునేవాళ్లు బోలెడు.

మాజీ_సెక్షన్

మాస్టారు చోట్లు చెప్పారు, నేను కాగితాలు చెప్తాను. మంత్రిత్వ శాఖల్లో దరఖాస్తులు ఆగేది తెలివి చాలక కాదు, లెటర్ సరిగా లేక.

కాలేజీ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం లెటర్‌హెడ్ మీద ఉండాలి. తేదీ, ప్రిన్సిపాల్ సంతకం, గుండ్రటి సీలు మూడూ ఉండాలి. హెచ్ఓడీ సంతకం మాత్రమే ఉంటే వెనక్కి పంపుతారు. అందులో పేరు ఆధార్‌లో ఎట్లా ఉందో అట్లాగే రాయించండి. మన వైపు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మామూలే. లోపలికి వెళ్లే పాస్ ఆధార్ చూసి ఇస్తారు, జాబితాలో పేరు మెమో చూసి పెడతారు. రెండూ కలవకపోతే మొదటిరోజు పొద్దున రిసెప్షన్ దగ్గరే గడిచిపోతుంది. హాల్ టికెట్ నంబరు, కోర్సు, ఎన్నో సెమిస్టరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అనేవి స్పష్టంగా ఉండాలి. ‘ఈ ఇంటర్న్‌షిప్ పాఠ్యప్రణాళికలో తప్పనిసరి భాగం’ అన్న వాక్యం కచ్చితంగా పెట్టించండి. విదేశాంగ శాఖకి అర్హత నిలిచేది ఆ ఒక్క వాక్యం మీదే. చాలా కాలేజీలు పాత నమూనా తీసి ‘ప్రాజెక్ట్ వర్క్ నిమిత్తం’ అని కొట్టేసి ఇస్తాయి. అది ఒప్పుకోవద్దు, ఇంకోసారి టైపు చేయించండి.

మార్కుల మెమోల్లో గ్రేడు పాయింట్లు ఉంటే, వాటిని శాతంలోకి ఎట్లా మార్చాలో యూనివర్సిటీ ఇచ్చిన సూత్రం కాగితం కూడా జత చెయ్యండి. సొంతంగా తొమ్మిదిన్నరతోనో పదితోనో గుణించి రాస్తే చేరేరోజు ఒరిజినల్స్ చూసేటప్పుడు తేడా పడుతుంది.

ఇప్పుడు లాగ్‌బుక్. మన ఉన్నత విద్యామండలి నమూనాలో వారానికి ఆరు రోజుల గళ్లు ఉంటాయి, ప్రతిరోజూ పక్కన ఇన్‌చార్జి సంతకం ఉండాలి. కేంద్ర ఆఫీసులు వారానికి ఐదు రోజులే, మామూలుగా తొమ్మిది నుంచి ఐదున్నర దాకా. శనివారం గడిలో ‘ఆఫీసులో పని’ అని రాసేస్తే, వైవాలో తెలిసినవాళ్లు ఎవరైనా పట్టుకుంటారు. ఆ రోజు చదివిన స్థాయీ సంఘం నివేదిక, వార్షిక నివేదిక పేరు రాయండి, అది నిజం కూడా. అండర్ సెక్రటరీ స్థాయి అధికారి రోజూ సంతకం పెట్టరు, పెట్టమని వెంటపడితే విసుక్కుంటారు. మొదటి వారంలోనే ‘సార్, శుక్రవారం సాయంత్రం వారానికి ఒకసారి పెడతారా’ అని అడగండి, ఒప్పుకుంటారు. అట్లా వారానికోసారి పెట్టే సంతకం చెల్లుతుందని కాలేజీ మెంటర్ చేత మెయిల్‌లో ఒక ముక్క రాయించుకుని ఉంచుకోండి. ఆఖరి రోజున ఇరవై వారాల సంతకాలు ఒకేసారి అడిగితే ఎవరూ పెట్టరు. ఈలోపు ఆ అధికారికి బదిలీ కూడా అయిపోవచ్చు.

రిపోర్టు విషయంలో జాగ్రత్త. చేరేటప్పుడు గోప్యత పాటిస్తానని రాయించుకుంటారు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంటర్న్‌కీ వర్తిస్తుంది. ఫైల్ నోటింగ్, ముసాయిదా కేబినెట్ నోట్, తెరమీద కనిపించే ఈ-ఆఫీస్ పేజీ, వీటికి ఫోటో తీసి కాలేజీ రిపోర్టులో అతికించడం ఎంతమాత్రం పనికిరాదు. ‘చేసిన పనికి రుజువు కావాలి’ అని ఇక్కడి లెక్చరర్లు అడిగితే, బయట అందరికీ దొరికే కాగితాలతోనే రుజువు చూపించండి. శాఖ వార్షిక నివేదిక, గ్రాంట్ల డిమాండ్ల పుస్తకం, స్థాయీ సంఘం సిఫార్సు, దాని మీద ప్రభుత్వం తీసుకున్న చర్య నివేదిక. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి ఒక పథకాన్ని మూడేళ్లు వెనక్కి లాగితే అరవై పేజీల రిపోర్టు దానంతట అదే వస్తుంది. రుజువుగా అధికారి ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటి చాలు.

ఇంకొకటి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు చూస్తారు. నువ్వు ఢిల్లీలో ఉంటే ఇక్కడ బయోమెట్రిక్‌లో గైర్హాజరు పడుతుంది. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నట్టు కాలేజీ రికార్డులో ఎక్కించారో లేదో నెలనెలా అడుగుతుండాలమ్మా.

పెన్నేటి_గట్టు

పార్లమెంటు చూడాలని అడిగావు గాబట్టి, చెల్లెమ్మా, ఎంపీ ఆఫీసు సంగతి చెప్తా. పైన చెప్పిన వాటన్నిటికంటే పని నేర్చుకునేది అక్కడేనని నా అభిప్రాయం. నోటిఫికేషన్ ఉండదు, ఫారం ఉండదు. ఒక పేజీ లెటర్, ఒక పేజీ వివరాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటావు, ఏ మంత్రిత్వ శాఖ మీద పని చెయ్యగలవు, అంతే. లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉన్న అధికారిక మెయిల్‌కి పంపి ఊరుకుంటే చూసేవాళ్లు తక్కువ. నియోజకవర్గంలో క్యాంపు ఆఫీసుకి వెళ్లి పీఏ చేతికి కాగితం ఇవ్వాలి. సమావేశాలు మొదలవడానికి నెలన్నర ముందు వెళ్లు. మొదలయ్యాక వెళ్తే ఎవరికీ తీరిక ఉండదు. మీ ఎంపీ దగ్గర కుదరకపోతే నెల్లూరు, బాపట్ల, తిరుపతి ఎంపీల్నీ, రాజ్యసభ వాళ్లనీ అడుగు. రాజ్యసభ సభ్యుల్ని ఎవరూ అడగరు, అక్కడ ఖాళీ ఎక్కువ.

అక్కడ ఇంటర్న్ చేతికి మొదట వచ్చే పని ప్రశ్నలు తయారుచెయ్యడం. దీని లెక్క ముందే తెలిసుండాలి. లోక్‌సభలో ప్రశ్నకి 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక సభ్యుడు ఒక రోజుకి ఐదు నోటీసులకి మించి ఇవ్వకూడదు. రోజుకి 20 నక్షత్ర ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి), 230 నక్షత్రం లేనివి (రాతలో జవాబు ఇచ్చేవి) జాబితాకెక్కుతాయి. నక్షత్ర ప్రశ్నల వరస లాటరీతో తేలుతుంది. రాజ్యసభలో అయితే 15, 160. మంత్రిత్వ శాఖల్ని ఐదు గుంపులు చేసి, ఒక్కో గుంపుకి వారంలో ఒక రోజు ఇస్తారు. కాబట్టి మొదట చెయ్యాల్సింది ఏ శాఖ ఏ రోజు వస్తుందో పట్టిక గీసుకుని, అక్కణ్ణుంచి 15 రోజులు వెనక్కి లెక్కపెట్టుకోవడం. కొత్తవాళ్లు ప్రశ్న బాగా రాస్తారు, తేదీ దాటిపోయాక ఇస్తారు.

రెండోది, ఏ విషయం ఏ శాఖదో తెలియాలి. మన జిల్లాల్లోనే ఎన్ని చిక్కులుండాయో చూడు. పొగాకు పంటే గదాని వ్యవసాయ శాఖకి రాస్తే ప్రశ్న దారి తప్పుతుంది. పొగాకు బోర్డు 1975 చట్టం కింద వాణిజ్య శాఖలో ఉంది. రొయ్యల చెరువుల రిజిస్ట్రేషన్ మత్స్య శాఖ కిందికి వస్తుంది, అదే రొయ్యల ఎగుమతి అయితే మళ్లీ వాణిజ్య శాఖే. చీమకుర్తి గ్రానైట్ లీజుల గురించి అడిగితే తిప్పి పంపుతారు. గ్రానైట్ చిన్నతరహా ఖనిజం, దాని రూల్స్ రాష్ట్రం చేతిలో ఉంటాయి. రామాయపట్నం పోర్టు పనులు ఎంతవరకు వచ్చాయని అడిగినా అంతే, అది మేజర్ పోర్టు కాదు, రాష్ట్రానిది. దుగరాజపట్నం అయితే అడగొచ్చు. 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో కేంద్రమే అక్కడ మేజర్ పోర్టు కడుతుందని, మొదటి దశ 2018 కల్లా పూర్తవుతుందని రాసుంది.

వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు సంగతి ఇంకా తమాషా. అదే చట్టం 11వ షెడ్యూల్‌లో పూర్తి చెయ్యాల్సిన ప్రాజెక్టుల జాబితా ఉంది. పీడీఎఫ్‌లో వెలిగొండ అని కొట్టి వెతికితే ఏమీ దొరకదు, లేదనుకుని వదిలేస్తారు. అక్కడ అది ‘వెనెగొండు’ అని అచ్చయింది. గాలేరు నగరి కింద, కల్వకుర్తి పైన చూడు. చట్టాన్ని కంప్యూటర్ వెతుకులాటకి వదలకుండా కళ్లతో చదవమనేది ఇందుకే.

మూడోది, రాసే తీరు. ‘ఒంగోలు రైతులకి గిట్టుబాటు ధర ఎందుకు ఇవ్వట్లేదు’ అని రాస్తే కొట్టేస్తారు. ప్రశ్నలో వాదన, నింద, ఎత్తిపొడుపు ఉండకూడదు. 150 మాటలు దాటకూడదు. కోర్టులో ఉన్న విషయం అడగకూడదు. దాన్నే ఇట్లా మార్చాలి:

వాణిజ్య, పరిశ్రమల మంత్రి దయచేసి తెలియజేయగలరా:
(ఎ) ఆంధ్రప్రదేశ్‌లో గత మూడు సంవత్సరాల్లో ఎఫ్‌సీవీ (ఫ్లూ క్యూర్డ్ వర్జీనియా) పొగాకు అనుమతించిన పరిమాణం, అమ్ముడైన పరిమాణం, వేలం కేంద్రాలవారీగా సగటు ధర ఎంత;
(బి) ఒంగోలు, కందుకూరు వేలం కేంద్రాల్లో కొనకుండా తిప్పిపంపిన బేళ్ల సంఖ్య, అందుకు కారణాలు;
(సి) అనుమతికి మించి పండిన పొగాకుని కొనడానికి బోర్డు తీసుకున్న చర్యలు, లేనిచో అందుకు కారణాలు?

(బి) ఎందుకు పెట్టామంటే, సగటు ధర ఒక్కటే అడిగితే అది ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. తిప్పిపంపిన బేళ్లు ఆ సగటులోకి రావు. రైతు గోడంతా ఆ బేళ్లలో ఉంటుంది. కింద ‘లేనిచో అందుకు కారణాలు’ అనేది వదలొద్దు. అది లేకపోతే ‘అట్లాంటి ప్రతిపాదన లేదు’ అని ఒక్క ముక్కతో జవాబు ముగించేస్తారు.

ప్రశ్న పంపేముందు సన్సద్ (పార్లమెంటు) వెబ్‌సైట్‌లో అదే విషయం మీద ఇంతకుముందు ఎవరైనా అడిగారేమో వెతుకు. జవాబు ఇచ్చేసిన ప్రశ్నని మళ్లీ ఒప్పుకోరు. ఆ పాత జవాబులో వదిలేసిన సందు పట్టుకుంటే మంచి ప్రశ్న అక్కణ్ణుంచే పుడుతుంది.

లోక్‌సభలో 377 నిబంధన కింద, ప్రశ్నగా కాకుండా సభ దృష్టికి తెచ్చే అంశాలు కూడా ఇంటర్న్‌లే రాస్తారు, అవి 250 మాటల్లోపే ఉండాలి. స్థాయీ సంఘాల సమావేశాలు తలుపులేసుకుని జరుగుతాయి. సభ్యుడి ఇంటర్న్ అయినా లోపల కూర్చోనివ్వరు. గ్యాలరీ పాస్ సభ్యుడి సిఫార్సు మీద దొరుకుతుంది, ఫోను బయటే వదలాలి. లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు 11 గంటలకి, రాజ్యసభలో 12కి. ఒకేరోజు రెండూ చూడాలంటే ఆ వరసలో పాస్‌లు అడుగు.

ఒంగోలు_బీఏ

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, మా గ్రూపుకి ఆరో సెమిస్టరే వేశారంట, ఇవాళ కనుక్కున్నాను. రెండు సందేహాలు. ఆరో సెమిస్టర్‌లో వెళ్తే పీజీ ఎంట్రన్స్‌లు అడ్డం రావా? ఏదీ రాకపోతే ఒంగోలులోనే ఉండి కేంద్ర ప్రభుత్వం మీద పని చేసే దారి ఏదైనా ఉందా? ఇంట్లో వసతి గురించి, డబ్బు గురించి అడుగుతున్నారు.

కరోల్‌బాగ్_టు_కావలి

వసతి, డబ్బు నేను చెప్తా. తెలుగు పిల్లలు ఎక్కువగా ఉండేది కరోల్‌బాగ్, ఓల్డ్ రాజేంద్ర నగర్ వైపు. సివిల్స్ కోచింగ్ పుణ్యమా అని అక్కడ తెలుగు మెస్సులూ ఉన్నాయి, ఆడపిల్లల పేయింగ్ గెస్ట్ హాస్టళ్లూ ఉన్నాయి. అదే కోచింగ్ వల్ల అద్దె కూడా ఎక్కువ. లక్ష్మీనగర్ కొంచెం చవక. రెండుచోట్ల నుంచీ మెట్రో బ్లూ లైన్‌లో రాజీవ్ చౌక్ వచ్చి యెల్లో లైన్ మారాలి. నీతి ఆయోగ్‌కి పటేల్ చౌక్, మిగతా శాఖలకి ఎక్కువగా సెంట్రల్ సెక్రటేరియట్. కొన్ని శాఖలు కొత్త కర్తవ్య భవన్‌లోకి మారాయి. లెటర్‌లో ఉన్న అడ్రసే చూసుకో, పాత బ్లాగుల్లో చదివిన భవనం పేరు పట్టుకుని పోవద్దు.

ఇద్దరు ముగ్గురు ఉండే గదిలో, తిండితో కలిపి, తిరుగుడుతో కలిపి నెలకి పదిహేను వేలకి తక్కువ వేసుకోవద్దు. అడ్వాన్సు ఒక నెల అద్దె అడుగుతారు. దెబ్బ పడేది కరెంటు దగ్గర. గదికి సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి ఇష్టమొచ్చిన రేటు వేస్తారు. చేరేముందే రేటు అడిగి, మీటరు రీడింగు ఫోటో తీసి, ఓనరుకి వాట్సాప్‌లో పంపి పెట్టుకో. నెల మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగొస్తుందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది కాగితం మీద రాయించుకో. జనవరిలో వెళ్తున్నావు గాబట్టి రజాయి, స్వెట్టరు అక్కడే కొనుక్కో, మన దగ్గర దొరికేవి ఆ చలికి ఆగవు. ఆంధ్రాభవన్ క్యాంటీన్ అశోకా రోడ్డులో, సెక్రటేరియట్ నుంచి మరీ దూరం కాదు. రోజూ అక్కడే తిందామనుకోకు, మధ్యాహ్నం క్యూ చూస్తే నీ లంచ్ టైం అయిపోతుంది.

జీటీ, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు రెండూ నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆగుతాయి, ఒకటిన్నర రోజు ప్రయాణం. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. సంక్రాంతి తర్వాత వారం టికెట్లు తెరిచిన రోజే అయిపోతాయి. చేరే తేదీ ఖాయం కాకపోయినా ఒకటి బుక్ చేసి పెట్టుకో, రద్దు చేస్తే పోయేది కొంచెమే.

కాకుటూరు_మాస్టారు

ఎంట్రన్స్‌లు అడ్డం వస్తాయి, అబద్ధం చెప్పను. సీయూఈటీ పీజీ (కేంద్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష) ఈమధ్య మార్చిలో జరుగుతోంది. దానికి ఢిల్లీలోనే పరీక్షా కేంద్రం ఎంచుకోవచ్చు, దరఖాస్తులోనే అక్కడ పెట్టెయ్. మన ఏపీ పీజీసెట్ సెమిస్టర్ అయ్యాకే కాబట్టి బాధ లేదు. అసలు అడ్డం వచ్చేవి బ్యాక్‌లాగ్ పేపర్లు. ఒక్కటి మిగిలినా సప్లిమెంటరీ కోసం మధ్యలో దిగిరావాలి, నీతి ఆయోగ్ హాజరు అక్కడే తప్పుతుంది. నాలుగో సెమిస్టర్‌లోనే అన్నీ గట్టెక్కించుకో.

చీమకుర్తి_కొండ

ఢిల్లీ సీటు రాకపోయినా సెమిస్టర్ వృథా కాదు. అసలు నన్నడిగితే సీటు వచ్చినా మొదటి ఆరు వారాలు ఒంగోలులోనే పెట్టుకోమంటాను. ఢిల్లీలో కూర్చుని పథకం కాగితం చదివేవాడికి అది కింద ఎక్కడ ఇరుక్కుంటుందో తెలియదు.

కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసుంది. ఎంపీ నిధుల పనుల ఫైళ్లు అక్కడే తిరుగుతాయి. ఒక ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకి పెట్టాలి. ఎంపీ చేసేది సిఫార్సు మాత్రమే, మంజూరు జిల్లా యంత్రాంగానిది. 2023 నుంచి ఇదంతా ఈ-సాక్షి పోర్టల్ మీద నడుస్తోంది. ఒక పాతిక పనులు తీసుకుని సిఫార్సు తేదీ, మంజూరు తేదీ, మొదటి బిల్లు తేదీ మూడు గడులు గీసి నింపు. ఆలస్యం ఏ గడిలో కూర్చుందో అప్పుడు తెలుస్తుంది. తరచుగా స్థలం దగ్గర ఆగుతుంది. కమ్యూనిటీ హాలుకి ఊళ్లో పెద్దలు చూపించిన స్థలం రికార్డులో పోరంబోకో, వాగో అయి ఉంటుంది, తహసీల్దారు దగ్గర్నుంచి కాగితం రాదు.

రెండోది దిశ కమిటీ. కేంద్ర పథకాలన్నిటినీ జిల్లాలో సమీక్షించేది ఇదే. ఎంపీ అధ్యక్షుడు, కలెక్టరు సభ్య కార్యదర్శి. మూడు నెలలకోసారి జరగాలి. సమావేశంలో కూర్చోనిస్తారో లేదో చెప్పలేం గానీ, ఎజెండా నోట్స్, మినిట్స్ అడిగితే ఇవ్వకూడని కాగితాలేం కాదు. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. రుసుము పది రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. అది లెక్కలో పెట్టుకుని డిసెంబరులోనే పెట్టు, ఫిబ్రవరిలో పెడితే జవాబు వచ్చేసరికి నువ్వు రిపోర్టు బైండింగ్ దగ్గరుంటావు.

ఇవి కాక గుంటూరులో పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉంది, చెన్నైలో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే, రెండూ పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరం. జాతీయ మానవ హక్కుల కమిషన్ రెండు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ కూడా నడుపుతుంది, ఖాళీ వారాలుంటే కలుపుకోవచ్చు.

మాజీ_సెక్షన్

చీమకుర్తి వారు చెప్పినట్టు మూడు చోట్ల చేసేట్టయితే ఒక సవరణ. ఒకే పత్రంలో మూడు సంస్థల పేర్లూ పెట్టించొద్దు. సంస్థకొకటి, తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా, విడివిడిగా రాయించండి. రెండు చోట్ల మధ్య ఒక వారం ఖాళీ వదలండి, చేరే తేదీ వాళ్ల వైపు నుంచి జరిగితే సర్దుకోవడానికి. కాలేజీకి మాత్రం మూడింటినీ కలిపిన ప్రణాళిక ఒక్కటే ఇచ్చి, ప్రిన్సిపాల్ ‘ఆమోదించడమైనది’ అని రాసి సంతకం పెట్టిన కాపీ ఒకటి నీ దగ్గర, ఒకటి మెంటర్ దగ్గర, ఒకటి పరీక్షల విభాగంలో ఉండేట్టు చూసుకోమ్మా. వైవా రోజున ప్రిన్సిపాల్ మారి ఉన్నా ఆ కాగితం ఆగుతుంది.